బూటబుల్ ఇమేజ్‌లో మెమరీ పొదుపు

ఇక్కడ బూటబుల్ ఇమేజ్ అంటే హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా, పెన్‌డ్రైవ్ నుంచో సీడీ నుంచో కంప్యూటర్‌ను నేరుగా నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు. దీన్నే లైవ్ ఇమేజ్ అనీ అంటారు. 2000లో మొదలైన నాపిక్స్ అనే లినక్స్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిని నెత్తికెత్తుకుంది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. చెన్నై సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది. అందులోనూ తెలుగు ఉంది. విజయవాడ, కొండపల్లి చుట్టుపక్కల బడుల్లో గానీ ఇళ్లలో గానీ 1 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కు మళ్లీ పని చెప్పాలంటే ఇలాంటి ఇమేజే దారి. అయితే అది ముందు ఆ ర్యామ్‌లో ఇమడాలి.

ఇమేజ్ సైజు తగ్గిస్తే మెమరీ వాడకం కూడా అంతే తగ్గుతుందనుకోవడం పొరపాటు. లైవ్ ఇమేజ్‌లో ఎక్కువ భాగం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైల్ సిస్టమ్‌గా ఉంటుంది. అందులోంచి చదివిన పేజీలు ర్యామ్‌లో చేరినా, చోటు అవసరమైనప్పుడు కెర్నల్ వాటిని వదిలేస్తుంది, కావాలంటే పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ చదువుకుంటుంది. అసలు చిక్కు టీఎంపీఎఫ్‌ఎస్‌తో వస్తుంది. స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో రాయడం కుదరదు కాబట్టి మనం సేవ్ చేసిన ఫైలు, బ్రౌజర్ క్యాష్, లాగ్‌లు అన్నీ, పొరలను కలిపి చూపే ఓవర్‌లేఎఫ్‌ఎస్ ద్వారా టీఎంపీఎఫ్‌ఎస్‌లోకి, అంటే నేరుగా ర్యామ్‌లోకి పోతాయి. స్వాప్ (ర్యామ్ నిండినప్పుడు పేజీలను తరలించే చోటు) లేకపోతే వాటిని బయటికి పంపే మార్గమే లేదు. పైగా మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ ఈ మొత్తాన్ని బఫ్/క్యాష్ గడిలోనే కలిపి చూపిస్తుంది. అది చూసి క్యాషే కదా, ఖాళీ అవుతుందిలే అనుకుంటాం. షేర్డ్ గడి పెరుగుతోందా, అవైలబుల్ గడి తరుగుతోందా అన్నది చూస్తేనే నిజం తెలుస్తుంది.

అందుకే పెన్‌డ్రైవ్ మీద పర్సిస్టెన్స్ పార్టిషన్ పెట్టి, రాతలన్నీ అక్కడికి మళ్లించడం అన్నిటికన్నా మేలైన పొదుపు. టూర్యామ్ ఆప్షన్ దీనికి సరిగ్గా ఎదురు: ఇమేజ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎత్తుకుంటుంది. 700 మెగాబైట్ల ఇమేజ్‌ను 1 జీబీ యంత్రంలో అలా ఎక్కిస్తే కెర్నల్‌కూ డెస్క్‌టాప్‌కూ కలిపి మిగిలేది 324 మెగాబైట్లు. వేగం కోసం దాన్ని వాడమని చెప్పే సలహా 4 జీబీ యంత్రానికి సరిపోవచ్చు, దీనికి కాదు.

బూట్ అయ్యే క్షణాల్లో ఇంకో భారం పడుతుంది. బూట్ మొదట్లో కెర్నల్ వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను విప్పేటప్పుడు కుదించిన ప్రతి, విప్పిన ప్రతి రెండూ కాసేపు ర్యామ్‌లో ఉంటాయి. అన్ని రకాల హార్డ్‌వేర్‌కూ డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ నింపితే 512 మెగాబైట్ల యంత్రం అక్కడే ఆగిపోవచ్చు. ల్యాబ్‌లో ఉన్నవన్నీ ఒకే రకం యంత్రాలైతే, డెబియన్ లినక్స్‌లో మాడ్యూల్స్ సెట్టింగ్‌ను మోస్ట్ (దాదాపు అన్ని డ్రైవర్లు) నుంచి డెప్‌కు (ఆ యంత్రానికి కావలసినవే) మార్చి ఆ బరువు చాలావరకు దించవచ్చు.

స్క్వాష్‌ఎఫ్‌ఎస్ బ్లాక్ మామూలుగా 128 కిలోబైట్లు ఉంటుంది, 1 మెగాబైట్ వరకూ పెంచవచ్చు. పెంచితే ఇమేజ్ చిన్నదవుతుంది గానీ, 4 కిలోబైట్లు చదవడానికి కూడా బ్లాక్ మొత్తాన్ని విప్పాలి. చిన్న ర్యామ్‌కు 128 దగ్గరే ఆగడం మంచిది. 2014లో 3.14 కెర్నల్‌లో ప్రధాన భాగమైన జెడ్‌ర్యామ్, ర్యామ్‌లోనే కుదించిన స్వాప్‌ను కల్పిస్తుంది. టీఎంపీఎఫ్‌ఎస్ పేజీలు కూడా అందులోకి చేరగలవు కాబట్టి లైవ్ ఇమేజ్‌కు ఇది పెద్ద ఊరట.

కొండపల్లి బొమ్మకు చేతులు, తల విడిగా చెక్కి మక్కుతో అతికినట్టే, ఇమేజ్‌ను కూడా విడి పొరలుగా కట్టవచ్చు: మూల వ్యవస్థ ఒక స్క్వాష్‌ఎఫ్‌ఎస్, తెలుగు ఒకటి, పాఠాల సాఫ్ట్‌వేర్ ఒకటి. ఓవర్‌లేఎఫ్‌ఎస్ వాటిని కలిపి చూపిస్తుంది. కావలసిన పొరలతోనే బూట్ చేస్తే టూర్యామ్ పెట్టినా భారం తగ్గుతుంది.

తేలిక చేసే తొందరలో చాలామంది ముందు తెలుగును తీసేస్తారు. ఇది అన్యాయం, పైగా లెక్కకూ నిలవదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000 లాంటి ఫాంట్ కొన్ని వందల కిలోబైట్లే. పదుల మెగాబైట్లు తినేవి చైనా, జపాన్ లిపుల ఫాంట్లు. హార్ఫ్‌బజ్ లాంటి అక్షర కూర్పు లైబ్రరీని తీసేస్తే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ముక్కలై కనిపిస్తుంది. నిజంగా మిగుల్చుకోవాలంటే టైపింగ్ దగ్గర చూడాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎక్స్‌కేబీ అనే మూల కీబోర్డు వ్యవస్థలోనే ఉంది కాబట్టి, దానికి అలవాటుపడినవాళ్లకు ఎప్పుడూ నడుస్తూ ఉండే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు మాత్రం ఐబస్ లాంటిది ఉంచక తప్పదు.

ఇమేజ్ కట్టేముందు ప్రాసెసర్ 32-బిట్ రకమా, 64-బిట్ రకమా చూసుకోవాలి. ఆగస్టు 2025లో విడుదలైన డెబియన్ 13 నుంచి 32-బిట్ ఇంటెల్ రకం కెర్నల్, ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. అలాంటి యంత్రాలకు డెబియన్ 12నే ఆధారం చేసుకోవాలి.