పుట్టినిల్లు, మెట్టినిల్లు: బయ్యారము శాసనము చూపిన ధర్మము



వేరు ప్రాంతపు, వేరు సంప్రదాయపు పిల్ల కోడలై వచ్చినప్పుడు కొన్ని ఇండ్లలో మొదట వినబడు మాట ఒకటి గలదు: “ఇక నీ పుట్టింటి పద్ధతులు మరచిపొమ్ము.” ఆమె పట్టిన నోము, కొలిచిన దైవము, పలుకు యాస, అన్నియు తప్పులుగానే తోచును. ఇదియే పూర్వాచారమని పెద్దలు వాదింతురు. పూర్వము ఎట్లుండెనో తెలిసికొనుటకు మన కేసముద్రమువారు దూరము పోనక్కరలేదు.

మహబూబాబాదు దాటిన బయ్యారము చెరువుకడ ఒక శాసనము గలదు. ఆ చెరువును త్రవ్వించినది మైలాంబ. ఆమె కాకతీయ గణపతిదేవుని (1199–1262) సోదరి. నతవాడి రుద్రుని ఇల్లాలు. వేరొక రాజవంశమున మెట్టియు ఆమె ఆ శాసనమున కాకతీయుల వంశక్రమమును వెన్నుని మొదలుకొని వ్రాయించినది. ఆ వంశపు తొలితరములను తెలిసికొనుటకు నేటి చరిత్రకారులకు అదియే ముఖ్యాధారము. మెట్టినింటి ఆడపడుచు పుట్టినింటి చరిత్రను కాపాడినదన్నమాట!

గణపతిదేవుని కుమార్తె గణపాంబ ధరణికోటను ఏలిన కోట బేతరాజును పెండ్లాడినది. భర్త గతించిన పిమ్మట ఆమె ఆ రాజ్యమును పాలించినది. భర్త పుణ్యమునకై ధాన్యకటకమున ఒక శివాలయమును, తండ్రి పేర యనమదలలో మరియొకటిని కట్టించినది. ఒక చేయి మెట్టినింటికి, ఒక చేయి పుట్టినింటికి!

మరియొక కుమార్తె రుద్రమదేవి నిడదవోలు చాళుక్య వీరభద్రుని చేపట్టియు కాకతీయ సింహాసనమునే అధిష్ఠించినది. మగసంతానము లేకపోగా కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని దత్తత గైకొన్నది. 1289లో రాజ్యము అతనికి సంక్రమించినది.

ఆ సంబంధములన్నియు మనసులు కలిసి జరిగినవని మేము చెప్పము. రాజ్యరక్షణకై కుదిర్చినవే అధికము. ఆ కన్యల ఇష్టాయిష్టములు శాసనములకెక్కలేదు. అయినను వారిని పుట్టినింటిని మరువుమని ఆనాటి ధర్మము శాసింపలేదు.

వివాహముతో స్త్రీకి గోత్రము మారునన్నది నిజమే. గోత్రము మారినంత మాత్రమున కన్నవారి ఋణము తీరునా? మాతామహునకు పిండప్రదానము చేయు అధికారమును స్మృతులు దౌహిత్రునకు ఇచ్చినవి గదా! సప్తపదిలో ఏడవ అడుగుతో వధువు వరునకు సఖి యగుచున్నది. సఖ్యమునకు మరపు షరతు కాదు.

కావున అత్తమామలారా! కోడలు తెచ్చుకొన్న దైవమునకు మీ పూజామందిరమున ఒక పీట వేయుడు. కోడండ్రారా! గణపాంబవలె ఉభయకులములకును దీపము పెట్టుడు. ఏ చెరువునకైనను నీరు ఒక్క వాగునుండియే రాదు గదా!

స్వస్తి.