రాసేవాడు, పాడేవాడు: కార్డ్యూ స్వరలిపి ప్రస్థానం

సంగీతాన్ని కాగితంమీద పెట్టటం కేవలం సాంకేతికమైన పని అని చాలామంది అనుకుంటారు. గుర్తులు నేర్చుకుంటే చాలుననుకుంటారు. కాని స్వరలిపి ఒక మనిషి మరొక మనిషికి ఇచ్చే ఆదేశం కూడా. ఎవరు రాస్తున్నారు? ఎవరు చదువుతున్నారు? చదివేవాడికి ఎంత చోటు మిగిలింది? బ్రిటిష్ స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ (1936–1981) జీవితమంతా ఈ ప్రశ్నలతోనే పెనుగులాడాడు. సాహిత్య విద్యార్థులకు కూడా ఆ పెనుగులాట తెలియవలసి ఉంది.

లండన్ రాయల్ అకాడమీలో చదువు ముగించిన కార్డ్యూ 1958 నుంచి 1960 వరకు జర్మనీలోని కొలోన్‌లో స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడుగా పనిచేశాడు. ఆనాటి యూరప్ నవ్య సంగీతంలో ఒక బలమైన ధోరణి ప్రతి స్వరం స్థాయినీ, నిడివినీ, బిగ్గరతనాన్నీ లెక్కగట్టి ముందే నిర్ణయించేది. వాద్యకారుడికి మిగిలింది చెప్పింది చెయ్యటమే. నాలుగు ఆర్కెస్ట్రాలకూ నాలుగు గాయక బృందాలకూ స్టాక్‌హౌజెన్ తలపెట్టిన ‘కారే’ పథకాలను పూర్తి స్వరలిపిగా తీర్చే చాకిరీలో చాలా భాగం కార్డ్యూ మీద పడింది. చేయి తిరగటం అక్కడే జరిగింది. అసంతృప్తి కూడా అక్కడే మొదలయిందనుకోవచ్చు.

ఆ తర్వాత 1963–67 మధ్య ‘ట్రీటిజ్’ రాశాడు. 193 పేజీలు. గీతలు, వలయాలు, అంకెలు, ఆకారాలు. పేజీ అడుగున ఖాళీగా ఉన్న స్వరరేఖలు. ఎలా చదవాలో చెప్పే మాట ఒక్కటీ లేదు. వాయించేవారే కలిసి కూర్చుని నియమాలు ఏర్పరచుకోవాలి. ఇక్కడ ఆజ్ఞ పోయింది, నిజమే. దానితోపాటు సంభాషణ కూడా చాలావరకు పోయింది. బొమ్మను విప్పుకునే తీరికా, శిక్షణా ఉన్న కొద్దిమందికే అది పరిమితమయింది.

అసలైన మలుపు 1968–70 నాటి ‘ది గ్రేట్ లెర్నింగ్’. కన్ఫ్యూషియన్ గ్రంథం ఆధారంగా ఏడు భాగాలుగా కూర్చిన రచన ఇది. ఏడవ భాగం సంగీత శిక్షణ లేనివారు సైతం పాడగలిగినది. స్వరాలు రాసి లేవు. పదాలూ, మామూలు మాటల్లో సూచనలూ ఉన్నాయి. మొదటి పంక్తికి ఎవరికి నచ్చిన స్వరం వారు ఎత్తుకోవాలి. ఒక్కొక్క ఊపిరికి ఒక్కసారిగా, చెప్పినన్నిసార్లు పాడాలి. తర్వాతి పంక్తికి తోటివారెవరో పాడుతుండగా చెవినపడ్డ స్వరాన్ని తీసుకోవాలి. అవసరమైతే నడిచివెళ్ళి వినాలి. వరసగా రెండు పంక్తులు ఒకే స్వరంలో పాడకూడదు. ఎవరి వేగం వారిదే. మొదట గందరగోళంగా మోగిన స్వరాల గుంపు, ఒకరినుంచి ఒకరు అందుకుంటూ పోయేకొద్దీ, పలచబడి కొద్ది స్వరాలకు చేరుకుంటుంది. ఈ క్రమాన్ని నడిపించే నాయకుడు లేడు. వినటమే నడిపిస్తుంది. స్వరకర్త నైపుణ్యమంతా ఏది నియమించాలో, ఏది విడిచిపెట్టాలో తేల్చుకోవటంలో ఉంది.

1969లో మైకేల్ పార్సన్స్, హోవర్డ్ స్కెంప్టన్‌లతో కలిసి ‘స్క్రాచ్ ఆర్కెస్ట్రా’ స్థాపించాడు. శిక్షణ లేనివారికి కూడా అందులో చోటు దొరికింది. అయితే 1971 నాటికి సభ్యులలోనే అసంతృప్తి బయటపడింది. మన సంగీతం ఎవరికి ఉపయోగపడుతున్నది అనే ప్రశ్న లేచింది. కార్డ్యూ మార్క్సిజం వైపు వచ్చాడు. స్టాక్‌హౌజెన్ సామ్రాజ్యవాదానికి సేవ చేస్తున్నాడనే శీర్షికతో 1974లో పుస్తకం వెలువరించి, అందులో తన రచనలను కూడా వదలకుండా విమర్శించాడు. మళ్ళీ అయిదు గీతల లిపికి, వరసకట్టిన పాటకు తిరిగివచ్చాడు. నాజీలు చంపిన జర్మన్ కమ్యూనిస్టు నాయకుడి పేర ‘థేల్మాన్ వేరియేషన్స్’ పియానోకు రాశాడు. 1981 డిసెంబరు 13న లండన్‌లో, గుద్ది ఆగకుండా పోయిన కారు కింద పడి మరణించాడు.

అతని ఆత్మవిమర్శ నిజాయితీని శంకించలేము. కాని దాన్ని మొత్తంగా ఒప్పుకోనక్కరలేదు. కన్ఫ్యూషియన్ పాఠంలోని భూస్వామ్య భావజాలాన్ని తిరస్కరించటం సబబే. ఆ పాఠాన్ని పాడించిన పద్ధతి వేరు. అది సామాన్యుడి గొంతునూ చెవినీ నమ్మిన పద్ధతి. వస్తువు ప్రజలదైనంత మాత్రాన రచన ప్రజలది కాదు.

చూచిరాత రాయించే ఉపాధ్యాయుడుగా నాకు ఒక సంగతి తెలుసు. అక్షరం దిద్దటం నేర్పవచ్చు. ఆ చేతికి సొంత వాక్యం రావాలంటే మనం పలక వదలాలి. స్వరలిపి నేర్చుకునేవారు తాము రాసింది పరిచయం లేనివారి చేతికిచ్చి, వాళ్ళు పాడినది విని, అప్పుడు కాగితం దిద్దుకోవాలి. ప్రజలకోసం గేయాలు రాస్తున్న మనలో ఎంతమందిమి ఆ పని చేస్తున్నాం?