జూన్ నెల గండం

వేసవి సెలవులంటే మగపిల్లలకి మామిడితోపులూ, చెరువులో ఈతలూ. ఆడపిల్లలకి మాత్రం మన చరిత్రలో వేసవి ఒక గండం! నవ్వకండి, పంచాంగం తీసి చూడండి. బడి మూసేది ఏప్రిల్ ఆఖర్న. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు వచ్చేదీ అప్పుడే. జూన్‌లో బడి తెరిచేసరికి బెంచీలో ఒక జడ కనబడేది కాదు. ఏదర్రా అంటే, "దానికి పెళ్ళయిపోయిందండీ" అనేవారు పిల్లలు. హాజరుపట్టీలో ఆ పేరు మీద గీత పడేది, అంతే.

కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. బడి పెట్టడం ఒక ఎత్తు, పిల్లల్ని బడిలో నిలపడం ఇంకో ఎత్తు. పలక పట్టే వయసూ, పెళ్ళిపీటల మీద కూర్చునే వయసూ ఒకటే అయినప్పుడు ఏ పంతులుగారు మాత్రం ఏం చేస్తారు? విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు లెక్క తీయిస్తే 1034 తేలాయని గురజాడవారు 'కన్యాశుల్కం' పీఠికలో రాశారు. వాటిలో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళున్నారు, అంతకన్నా చిన్నవాళ్ళూ ఉన్నారు!

ఆ 1874లోనే బండారు అచ్చమాంబగారు పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయింది, బడి మొహం ఎరగరు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూంటే పక్కన చేరి తనూ నేర్చుకున్నారు. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అలాంటి తమ్ముడు ఎందరికి దొరుకుతాడు చెప్పండి? 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు.

తర్వాత శారదా చట్టం వచ్చింది. పేరు చూసి సరస్వతీదేవి అనుకునేరు, హరవిలాస్ శారదా అనే ఆయన తెచ్చిన బిల్లు అది. ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండాలంది. 1929 సెప్టెంబరులో ప్యాసైన చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. మధ్యలో ఆర్నెల్లు గడువు దొరికిందిగా, మనవాళ్ళు తక్కువవాళ్ళా? ఆ ఆర్నెల్లూ దేశమంతా పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. మా తాతమ్మ ఆ తొక్కిడిలోనే ఎనిమిదేళ్ళకి పెళ్ళికూతురైంది. వేసవి రాకముందే ఆవిడ పలక అటకెక్కింది.

1949లో ఆ వయసు పదిహేనుకి పెరిగింది. మా అమ్మ ఎనిమిదో క్లాసు పరీక్షలు రాసి సెలవులకి ఇంటికొచ్చింది, మళ్ళీ బడికెళ్ళలేదు. ఆ సంగతి ఏనాడూ ఏడుస్తూ చెప్పలేదు. ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది.

నేను పుట్టిన 1978లో చట్టం పద్దెనిమిదంది. చట్టం దారి చట్టానిది, చుట్టాల దారి చుట్టాలది. నేను టెన్త్ రాసిన వేసవిలో, మంచి సంబంధం అంటూ ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. అమ్మ మజ్జిగిచ్చింది, విసనకర్ర ఇచ్చింది. "దాన్ని కాలేజీలో చేర్పిస్తున్నాం అన్నయ్యగారూ" అని ఒక్కమాట అంది. నాన్న ఉలిక్కిపడి తలెత్తారు. ఆ వార్త ఆయనకీ అప్పుడే తెలిసింది మరి! కాలేజీ తెరిచేదాకా అమ్మ ఆ మాట మీదే ఉంది. తల్లిప్రేమంటే ఒళ్ళో తల పెట్టుకుని నిమరడమని కథల్లో రాస్తూంటాం గానీ, నేను చూసింది అది. తనకి దక్కని జూన్ నెలని కూతురికి దక్కించింది.

చరిత్ర పుస్తకాల్లో వీరేశలింగంగారికి పేజీలున్నాయి, ఉండాల్సిందే. కానీ ఆయన బడికి పిల్లని పంపి, సెలవులయ్యాక మళ్ళీ పంపిన తల్లుల పేర్లు ఎక్కడున్నాయి? 1951లో కూడా దేశంలో చదువొచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిదిమంది లేరు. అక్కణ్ణించి ఇంతదూరం వచ్చామంటే, అందులో అక్షరం రాని అమ్మలు పట్టిన పట్టు కూడా ఉంది.

గండం గడిచిందంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలని అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికీ, తెలంగాణలో 23 మందికీ పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినట్టు తేలింది. వేసవిలో మనింటికి పనమ్మాయి వెంట సాయానికి ఓ చిన్నపిల్ల వస్తుంది చూశారూ, జూన్‌లో ఓసారి అడగండి, "బడికెళ్తున్నావుటే?" అని. వెళ్ళడం లేదంటే ఊరుకోకుండా వాళ్ళమ్మని కూర్చోబెట్టి మాట్లాడండి. పట్టు పట్టడం మనకి కొత్తా ఏమన్నానా!