గోడమీద రాసిన నోటీసు: కామాటిపురలో నగర పథకాలు, అద్దెదారుల మాట

నీటిగొట్టం, మురుగుకాలువ, రోడ్డు వెడల్పు, పాత చాళ్ల (ఒంటిగది వాటాల మేడల) కూల్చివేత: బొంబాయిలో పెద్ద నగర పథకాలు జనం ముందుకు మొదట నోటీసుగానే వచ్చాయి. ఆ నోటీసు ఎవరి పేరిట వచ్చింది, ఏ లిపిలో వచ్చింది, దానికి జవాబు చెప్పే హక్కు ఎవరికుంది అని వెతుక్కుంటూ పోతే కామాటిపుర చరిత్ర సగం చేతికి వస్తుంది.

గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో కట్టిన వెల్లార్డ్ ఆనకట్ట 1784లో పూర్తయ్యాక, సముద్రపు పోటుకు మునిగే లోతట్టు భూములు మెల్లగా ఆరాయి. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, కామాటీలు, అక్కడ గుడిసెలు వేసుకున్నారు. దక్షిణాన గ్రాంట్ రోడ్డు, ఉత్తరాన బెల్లాసిస్ రోడ్డు, వాటి మధ్య నంబర్లతో పిలిచే గల్లీలు. రాళ్లు కొట్టి, సున్నం కలిపి, పునాదులు తవ్వి ఊరికి రోడ్లూ మేడలూ కట్టినవాళ్లలో వీళ్లు ముందువరసలో ఉన్నారు. వీళ్ల గల్లీలు మాత్రం ఎప్పటికీ పల్లంలోనే ఉండిపోయాయి.

1860 ప్రాంతంలో విహార్ చెరువు నీళ్లు గొట్టాల్లో నగరానికి చేరాయి. 1872 చట్టంతో మునిసిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలు వచ్చాయి. 64 మంది సభ్యుల్లో 32 మందిని పన్ను కట్టేవాళ్లు ఎన్నుకునేవారు. ఏడాదికి కనీసం 50 రూపాయల పన్ను కడితేనే ఓటు. గదికి అద్దె కట్టే కామాటీ పేరు ఆ జాబితాలోకి వచ్చే ప్రసక్తే లేదు.

అలాగని తెలుగువాళ్లందరూ నోరులేనివాళ్లు కారు. కట్టుబడి పనుల కాంట్రాక్టులతో పైకి వచ్చిన కొందరు జోతిబా ఫూలే వెంట నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగు, నర్సింగరావు సాయిబు వడ్నాల పేర్లు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజ చరిత్రలో కనిపిస్తాయి. సమాజానికి ముద్రణాయంత్రం సమకూరడంలో వీళ్ల డబ్బు ఉంది. 1888 మే 11న మాండ్వీ కోళీవాడలో సభ జరిపి ఫూలేకు మహాత్మ బిరుదు ఇచ్చిన బొంబాయి సత్యశోధకుల మధ్య ఈ తెలుగు కాంట్రాక్టర్లది ముఖ్యమైన చోటు. సభ పెట్టడం, కరపత్రం వేయడం, అర్జీ రాయడం అనే పనులు కామాటీలకు కార్పొరేషన్ నేర్పలేదు. సంఘసంస్కరణ నేర్పింది.

1896 సెప్టెంబరులో మాండ్వీలో ప్లేగు బయటపడింది. అక్టోబరు 6న మునిసిపల్ కమిషనర్ స్నో ఒక ప్రకటన జారీ చేశాడు: రోగిని బలవంతంగానైనా ఆసుపత్రికి తరలించవచ్చు, ఇంటిని ఖాళీ చేయించి శుద్ధి చేయవచ్చు. అది అభిప్రాయం అడిగే ప్రకటన కాదు. అక్టోబరు 29న దాదాపు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద పడ్డారు. మర్నాడే ఆ నిబంధనలు సడలాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి కాగితం మీద దారి లేనప్పుడు జనం వీధిలో దారి చూసుకున్నారని పాలకులకు అర్థమైంది గానీ, ఆ పాఠం ఎక్కువకాలం నిలవలేదు. 1897 మార్చిలో జనరల్ గేటేకర్ నాయకత్వంలో ప్లేగు కమిటీ ఏర్పడి, సోదా బృందాలు ఇల్లిల్లూ ఎక్కి దిగడం మొదలుపెట్టాయి.

అప్పటి నోటీసు కాగితం మీద కాదు, గోడ మీదే ఉండేది. ప్లేగు సోకిన ఇంటి గోడకు ఎర్రరంగుతో సున్న చుట్టి, తేదీ వేసేవారు. మనుషులు ఉండడానికి పనికిరాదని తేల్చిన ఇంటి మీద ‘యు.హెచ్.హెచ్.’ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. గాలీ వెలుతురూ రావాలని పెంకులు ఊడదీసేవారు, గోడలకు సున్నం కొట్టేవారు, నేల తవ్వేవారు. ఆ మూడు అక్షరాలు ఇంటివాడికి చదవడం రాకపోయినా, వాటి తర్వాత ఏం జరుగుతుందో గల్లీ అంతటికీ తెలుసు. మిల్లు కార్మికుల నాయకుడు, ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ప్లేగు రోగులకు సేవ చేస్తూ 1897 ఫిబ్రవరి 9న అదే జబ్బుతో చనిపోయాడు. 1898 మార్చి 9న కామాటిపుర పక్కనే ఉన్న మదన్‌పురాలో, ఒక అమ్మాయిని పరీక్షించబోయిన ప్లేగు సిబ్బంది మీద జులాహా నేతగాళ్లు తిరగబడ్డారు. అల్లర్లు నగరంలోకి పాకాయి. సోదాల తీరు మళ్లీ మార్చక తప్పలేదు.

అదే ఏడాది బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. ఇరుకు వాడలను కూల్చి వెడల్పు రోడ్లు వేయడం, పల్లాలు పూడ్చడం దాని పని. మొదటి పథకమే కామాటిపురను ఆనుకుని ఉన్న నాగ్‌పాడా. ట్రస్టు చట్టంలో నోటీసుకు పద్ధతి ఉంది: ప్రభుత్వ గెజిట్‌లోనూ స్థానిక పత్రికల్లోనూ ప్రకటించాలి, భూమి పోయేవాళ్లకు విడిగా తెలియజేయాలి. ఎవరికి తెలియజేయాలన్నది మునిసిపాలిటీ ఆస్తిపన్ను పుస్తకం చూసి తేల్చేవారు. ఆ పుస్తకంలో ఉండేది పన్ను కట్టే యజమాని పేరు. ఒక చాల్‌లో వందమంది అద్దెకుంటే నోటీసు ఒక్కడికి అందేది. నష్టపరిహారం గురించి ఆ ఒక్కడు వకీలుతో ట్రిబ్యునల్ దాకా వెళ్లగలిగేవాడు. మిగతా వందమంది పక్కవాడలో ఇంకా ఇరుకైన గది వెతుక్కునేవారు. రద్దీ తగ్గించడానికి వచ్చిన పథకమే పక్కవాడల్లో రద్దీ పెంచిందన్న విమర్శ ట్రస్టును చివరిదాకా వదల్లేదు. 1933లో అది కార్పొరేషన్‌లో కలిసిపోయింది.

గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో 1920ల మొదట్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బి.డి.డి.) కాంక్రీటు చాళ్లు కట్టింది. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీల్లో మొత్తం 207. ఒక్కో ఖోలీ (గది) 160 చదరపు అడుగులు, సండాసులు ఉమ్మడి. కామాటిపుర తర్వాత మిల్లుల దగ్గరి వర్లీ తెలుగువాళ్లకు, ముఖ్యంగా పద్మశాలీలకు, రెండో ఊరయింది. ఇక్కడ యజమాని ప్రభుత్వమే కాబట్టి ప్రకటన ఇచ్చేదీ, అందుకునేదీ ఒకే కార్యాలయం.

అద్దెదారుడు పుస్తకాల్లోకి ఎక్కింది మెల్లమెల్లగా. 1922లో నెలకు 10 రూపాయల అద్దె కట్టేవాడికి మునిసిపల్ ఓటు వచ్చింది. 1948లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1947 అద్దె చట్టం ఖోలీని నిలబెట్టింది, అద్దెను స్తంభింపజేసింది, పగ్డీ (గది చేతులు మారేటప్పుడు ఇచ్చే ముందు సొమ్ము) బేరాన్ని పెంచింది. అద్దె రాని యజమానులు మరమ్మతు మానేశారు. ఇళ్లు కూలడం మొదలయ్యాక 1969లో మరమ్మతు చట్టం వచ్చింది. మరమ్మతు సెస్సు కట్టే 19,642 పాత భవనాలు దాని కిందికి వచ్చాయి. అప్పటినుంచి సెస్సు బిల్లూ, అద్దె రసీదూ, రేషన్ కార్డూ గదిలో మనిషి ఉన్నాడనడానికి సాక్ష్యాలయ్యాయి. తర్వాతి పునర్నిర్మాణ నియమాల్లో అద్దెదారుల సమ్మతి ఇంత శాతం ఉండాలన్న షరతు చేరింది. ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు ఇదే. నోటీసు అందుకునే హక్కు కూడా లేనివాడు సంతకం పెట్టకపోతే పని ఆగే పరిస్థితి వచ్చింది. అందుకే గల్లీల్లో గణపతి మండపాలు, కులసంఘాల హాళ్లు సాయంత్రం సమ్మతి పత్రాల సభలుగా మారాయి.

భాష చిక్కు అలాగే ఉంది. బొంబాయి కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడిపింది, వాటిలో తెలుగు ఒకటి. పాలనాభాష మరాఠీ. బిడ్డకు తెలుగులో అక్షరాలు దిద్దించేదీ, తండ్రికి మరాఠీలో నోటీసు పంపేదీ ఒకే కార్యాలయం. తండ్రి నోటీసును బిడ్డతో చదివించుకోవడం ఆ వాడల్లో వింత కాదు.

21వ శతాబ్దంలో జనం అభిప్రాయం కోసం పిలుపు ఆన్‌లైన్ పోర్టల్‌కు మారింది. 2015లో స్మార్ట్ సిటీ పోటీకి పౌరుల సూచనలు సేకరించాలన్నది కేంద్రం షరతు. ముంబై లోయర్ పరేల్ ప్రతిపాదనతో వెళ్లి ఎంపిక కాలేదు. తెలుగు చేనేతవాళ్ల మరో ఊరు సోలాపూర్ 2016 జనవరిలో మొదటి ఇరవైలోనే చోటు సంపాదించింది. అదే 2015లో ముంబై అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా మీద వేలకొద్దీ అభ్యంతరాలు వచ్చిపడ్డాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి మళ్లీ రాయించింది.

సాంకేతికత సూటిగా చాళ్ల గడప తొక్కింది బి.డి.డి. పునర్నిర్మాణంలో. 2017 నుంచి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా వేలిముద్రలతో బయోమెట్రిక్ సర్వే మొదలుపెట్టింది. ప్రభుత్వం దృష్టిలో అది అర్హుల లెక్క. 160 అడుగుల ఖోలీవాళ్ల దృష్టిలో అది బేరంలో తమ చేతిలో మిగిలిన ఒకే ముక్క. ముందు రిజిస్టరైన ఒప్పందం ఇవ్వండి, తర్వాత వేలు పెడతాం అని చాలామంది తలుపులు మూశారు. ఆ పట్టుదల పథకాన్ని ఏళ్లతరబడి వెనక్కి లాగింది, నిజమే. 1898లో ఏ అద్దెదారుడికీ దొరకని కాగితాన్ని అడిగే ధైర్యం కూడా అందులోనే ఉంది. వర్లీలో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు 2025 ఆగస్టులో అందాయి.

కామాటిపుర వంతు ఇప్పుడు నడుస్తోంది. సుమారు 34 ఎకరాల్లో తొమ్మిది వందలకు పైగా సెస్సు భవనాలను మ్హాడా ద్వారా సమూహంగా పునర్నిర్మించాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. స్థలాలు మరీ చిన్నవి, విడివిడిగా కడితే గిట్టుబాటు కాదు. 2025లో టెండరు పిలిచారు. అద్దెదారులు దాదాపు 8,000, యజమానులు దాదాపు 800. అర్హుడైన అద్దెదారుడికి 500 అడుగుల ఇల్లు; 50 చదరపు మీటర్ల వరకు స్థలం ఉన్న యజమానికి అలాంటిదే ఒకటి, స్థలం పెరిగేకొద్దీ ఎక్కువ. ఈలోగా మ్హాడా చట్టంలోని 79-ఎ సెక్షన్ కింద నగరంలో ప్రమాదకర భవనాలకు పంపిన 935 నోటీసుల అమలును బొంబాయి హైకోర్టు 2025 జులైలో నిలిపి, అవి జారీ అయిన తీరును విచారించడానికి కమిటీ వేసింది.

ఎనిమిది వేలన్నది రసీదు ఉన్నవాళ్ల లెక్క. మగ్గాల గోదాముల్లో పడుకునే కూలీలు, ఉపఅద్దెకు ఉండే కుటుంబాలు, గదికి రోజువారీ డబ్బు కట్టే, వేశ్యావృత్తిలో ఉన్న మహిళలు ఆ లెక్కలోకి రారు. టెండరు ప్రకటన వాళ్ల పేరిట రాలేదు.