అశ్వం పక్కన నిలిచిన మనిషి
కలకత్తాలో బ్రిటిష్ అశ్వచిత్రాలు, వేట దృశ్యాలు

కోల్‌కతాలోని విక్టోరియా మెమోరియల్ ఉద్యానవనంలో సర్ జేమ్స్ ఔట్‌రమ్ కాంస్య విగ్రహం ఉంది. 1857 తిరుగుబాటు కాలంలో ముట్టడిలో చిక్కిన లక్నో రెసిడెన్సీకి సహాయంగా వెళ్లిన సేనానులలో ఆయన ఒకడు. పరుగు తీస్తున్న గుర్రాన్ని కళ్లెం బిగించి ఒక్కసారిగా నిలిపి, టోపీ లేని తలను వెనుకకు తిప్పి, వెంట వచ్చే సైన్యాన్ని చూస్తున్న భంగిమలో శిల్పి జాన్ హెన్రీ ఫోలీ ఆయనను మలచాడు. 1874లో ఆవిష్కరించిననాడు ఈ విగ్రహం చౌరంగీ, పార్కు వీధి కలిసే కూడలిలో ఉండేది. స్వాతంత్ర్యానంతరం అది అక్కడి నుండి తరలింది. 1958లో ఆ కూడలిలో గాంధీజీ పాదచారి విగ్రహం వెలిసింది. దానిని మలచిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలకు దీర్ఘకాలం అధిపతిగా పనిచేసి, ఎందరో తెలుగు చిత్రకారులకు గురువైన వ్యక్తి. (గాంధీజీ కూడా ఆ కూడలిలో స్థిరంగా ఉండలేకపోయారు. భూగర్భ రైలు పనుల కారణంగా ఆ విగ్రహమూ తరువాత మేయో రోడ్డుకు చేరింది.)

గుర్రం మీద ఉన్నవాడు పాలకుడు, నేల మీద నిలిచినవాడు పాలితుడు అనే భావం బ్రిటిష్ వారు మనకు తెచ్చినది కాదు. హంపీ మహర్నవమి దిబ్బ చుట్టూ అశ్వాలు, గజాలు, వేట దృశ్యాలు బారులు తీరి ఉన్నాయి. శ్రీరంగంలోని శేషరాయ మండప స్తంభాలపై ముంగాళ్లు పైకెత్తిన గుర్రాల మీద నుండి వీరులు పులులను పొడుస్తున్నారు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటను చదువని సాహిత్యప్రియుడు తెలుగునాట అరుదు. కనుక పద్దెనిమిదవ శతాబ్దం చివర కలకత్తా చేరిన ఆంగ్ల వేట చిత్రం ఈ నేలకు కొత్త వస్తువు కాదు. కొత్తది దాని వెనుక ఉన్న ఆశ.

ఆ ఆశను గ్రహించాలంటే ఇంగ్లండులో వేటకు ఉన్న చట్టాన్ని తెలుసుకోవాలి. 1671 నాటి వేట చట్టం ప్రకారం నిర్ణీత ఆదాయం గల భూస్వాములకే వేటాడే అర్హత ఉండేది. ఈ నిబంధన 1831 వరకు సాగింది. భూమి లేని వాడు కుందేలును కొట్టినా నేరమే. అందుచేత వేట చిత్రం అక్కడ కేవలం వినోదచిత్రం కాలేదు. గోడకు వేలాడదీసిన భూమి హక్కుపత్రంతో సమానమైంది. గుర్రం చిత్రమూ అంతే. బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు తూర్పుదేశపు గుర్రాల సంతతి నుండి ఇంగ్లండు పందెపు గుర్రాల జాతి ఎదిగింది. యజమాని తన వంశవృక్షాన్ని ఎంత శ్రద్ధగా కాపాడుకున్నాడో గుర్రం వంశవృక్షాన్నీ అంత శ్రద్ధగా రాయించుకున్నాడు.

ఈ యజమానుల చిత్రకారులలో అగ్రగణ్యుడు జార్జ్ స్టబ్స్. లింకన్‌షైరులోని హార్క్‌స్టో గ్రామంలో ఒక ఇంటిని అద్దెకు తీసుకొని, సుమారు పద్దెనిమిది నెలలపాటు గుర్రాల కళేబరాలను పొర తరువాత పొరగా కోసి, కండరాలు, ఎముకలు, నాళాలు చిత్రించి, 1766లో అశ్వశరీర నిర్మాణంపై ఉద్గ్రంథాన్ని వెలువరించినవాడు. ఆయన ‘విజిల్‌జాకెట్’ చిత్రంలో గుర్రం తప్ప మరేమీ లేదు. నేల లేదు, ఆకాశం లేదు. 1800 నాటి ‘హాంబుల్‌టోనియన్’ చిత్రంలో పందెంలో అలసిపోయిన గుర్రం పక్కన నిలిచిన ఇద్దరు సేవకులు సూటిగా మన వైపు చూస్తారు. ఆ చూపు కలకత్తా చిత్రకారుని ప్రస్తావన వచ్చినప్పుడు మరల గుర్తుకు రావలసినది.

స్టబ్స్ భారతదేశానికి రాలేదు. భారతదేశమే ఆయన వద్దకు వెళ్లింది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన జార్జ్ పిగట్ ఒక చిరుతను మూడవ జార్జి రాజుకు కానుకగా సమర్పించాడు. వేటలో దాని నేర్పు చూడాలని 1764లో విండ్సర్ ఉద్యానంలో ఒక దుప్పిపైకి వదిలితే, దుప్పే చిరుతను తరిమికొట్టింది. స్టబ్స్ చిత్రంలో ఈ పరాభవం కనిపించదు. తెల్లని దుస్తులు, తలపాగాలు ధరించిన ఇద్దరు భారతీయులు చిరుతకు దుప్పిని చూపుతున్న క్షణం వద్ద చిత్రం ఆగిపోతుంది. ప్రస్తుతం మాంచెస్టర్ చిత్రశాలలో ఉన్న ఈ పటంలో ఆ ఇద్దరి ముఖాలలోని గాంభీర్యం చూపరులను ఆకట్టుకుంటుంది. అదే స్టబ్స్ 1791లో వారన్ హేస్టింగ్స్‌ను అరబ్బీ గుర్రంపై చిత్రించాడు. అప్పటికి హేస్టింగ్స్ మీద పార్లమెంటులో మహాభియోగ విచారణ నడుస్తున్నది. బెంగాలు పాలనకు సంజాయిషీ చెప్పుకుంటున్న మనిషిని చిత్రం నిబ్బరంగా జీను మీద కూర్చోబెట్టింది.

ఇంగ్లండులో కుందేలును కొట్టే అర్హత లేని యువకుడు కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా కలకత్తాలో దిగగానే ప్రభువు వలె వేటాడగలిగాడు. గుర్రం కొనవచ్చు, ఈటె పట్టవచ్చు, స్నేహితుల ఏనుగుల మీద ఎక్కి పులివేటకూ పోవచ్చు. వేట దృశ్యాలకు కంపెనీ ఉద్యోగులలో అంత గిరాకీ ఏర్పడడానికి అసలు కారణం ఇదేనని చెప్పవచ్చు. 1783 నుండి 1789 వరకు ఈ దేశంలో ఉన్న యోహాన్ జోఫనీ, 1788లో చందర్‌నగర్ సమీపంలో జరిగిన పులివేటను పెద్ద చిత్రంగా రచించాడు. రిచర్డ్ ఎర్లమ్ 1802లో దానిని మెజోటింట్ ముద్రణగా వెలువరించాడు. ఏనుగుల గుంపు నడుమ పులి ఒక్కటే. మనుషులు మాత్రం లెక్కకు మించి. అంబారీలో కూర్చున్న దొరలు ఎవరో తెలుసుకోవాలని కొన్నవారు కుతూహలపడి ఉంటారు. మావటీల పేర్లు అడిగిన వారుండరు.

అయితే బెంగాలు వేటను ఐరోపా ఇళ్లలోకి నిజంగా చేర్చినది జోఫనీ కాదు, ఒక పుస్తకం. బెంగాలు సైన్యంలో చాలాకాలం పనిచేసిన కెప్టెన్ థామస్ విలియమ్సన్ తన అనుభవాలను రాశాడు, స్థూలంగా బొమ్మలు గీశాడు. లండన్‌లో శామ్యూల్ హౌవిట్ వాటిని పూర్తి చిత్రాలుగా తీర్చాడు. ‘ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్’ అనే పేరుతో ఎడ్వర్డ్ ఓర్మ్ 1805, 1807 సంవత్సరాల మధ్య దానిని భాగాలుగా ప్రచురించాడు. మొత్తం నలభై ఆక్వాటింట్ ఫలకాలు. రాగి రేకుపై రాళ్లపొడి వంటి సన్నని జిగురు ధూళిని అతికించి, ఆమ్లంలో ముంచి, నీటిరంగు పూతను పోలిన మెత్తని నీడలను సాధించడం ఈ ముద్రణ పద్ధతి. ఆపై ప్రతి ప్రతికీ చేతితో రంగులు వేశారు. పందివేట, పులివేట, ఎలుగువేట, తోడేలు వెంట పరుగు, పొదలు గాలిస్తూ మృగాలను తోలే కూలీల బారులు, అన్నీ ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. హౌవిట్ ఎన్నడూ భారతదేశం చూడలేదు. జంతువుల చిత్రణలో ఆయన గట్టివాడు. పందిని, గుర్రాన్ని చూసి గీశాడు. బెంగాలీ కూలీని, మావటిని, సైసును మాత్రం చూడకుండా గీశాడు. అందుకే ఈ ఫలకాలలో మృగాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం ఉన్నది. నేల మీది మనుషులందరికీ ఒకే తలపాగా, ఒకే భయం. ఇంగ్లండులోని తరాల పాఠకులు బెంగాలు పల్లెను ఈ పుస్తకంలోనే చూశారు.

పుస్తకం కొనలేని వారి కోసం ఆ బొమ్మలు భోజన పళ్లెం మీదికి వచ్చాయి. స్టాఫర్డ్‌షైరులోని స్పోడ్ పింగాణీ కర్మాగారం ఈ ఫలకాల ఆధారంగా నీలి రంగు పాత్రల వరుసను తయారు చేసింది. ఎలుగుబంటి మరణం ఒక పళ్లెం మీద, తోడేలు వెంటపడడం ఒకదాని మీద, చెట్టెక్కిన చిరుతను కాల్చడం వేరొకదాని మీద. మాంసం తిని ముగించేసరికి పళ్లెం అడుగున బెంగాలు వేట కనిపించేది.

నిజమైన వేట పళ్లెంలో ఒదిగేది కాదు. 1792 డిసెంబరులో కలకత్తాకు దక్షిణాన హుగ్లీ ముఖద్వారంలోని సాగర ద్వీపంలో దుప్పుల వేటకు దిగిన ఆంగ్లేయుల బృందంలో మన్రో అనే యువకుణ్ణి పులి నోట కరచుకుపోయింది. తోటివారు కాల్పులు జరిపి విడిపించినా అతడు బతకలేదు. బక్సర్ యుద్ధ విజేత సర్ హెక్టర్ మన్రో కుమారుడతడు. మరుసటి ఏడాది లండన్ పత్రికలలో ఈ వార్త సంచలనమైంది. స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు దీనినీ బొమ్మగా చేసి అమ్మారు. టిప్పు సుల్తాను యంత్రపు పులి, దాని కింద పడిన సోల్జరు బొమ్మకు ఈ సంఘటనే ప్రేరణ అని కొందరు చరిత్రకారుల ఊహ. ఊహ ఎలా ఉన్నా, 1799లో శ్రీరంగపట్నం పతనంతో ఆ పులి కంపెనీ పాలై లండన్ చేరింది. నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వేట చిత్రాల సంప్రదాయంలో పులి గెలిచిన ఆకృతులు ఇలాంటివి బహు కొద్ది.

కలకత్తా నగరంలో మాత్రం గుర్రం వేటకన్న నిత్యజీవితానికే ఎక్కువ చెందినది. మైదానంలో సాయంకాలపు షికారు, బగ్గీలు, పాల్కీ గాడీలు, 1847లో ఏర్పడిన కలకత్తా టర్ఫ్ క్లబ్బు పందేలు. వీటికి అరబ్బీ గుర్రాలు పర్షియన్ సింధుశాఖ రేవుల నుండి, తరువాత ‘వేలర్’ గుర్రాలు ఆస్ట్రేలియా నుండి ఓడలలో వచ్చేవి. సైన్యానికి గుర్రాలను పెంచడానికి బీహారులోని పూసాలో కంపెనీ నడిపిన అశ్వశాలకు 1808లో పశువైద్యుడు విలియమ్ మూర్‌క్రాఫ్ట్ అధికారిగా వచ్చాడు. ఇంతటి వ్యవస్థా నిలిచినది సైసు మీద, గడ్డి కోసే ఘసియారా మీద. దొర గుర్రమెక్కి పోతే సైసు చామరం చేతబట్టి ఈగలు తోలుతూ పక్కనే పరుగెత్తేవాడు. దొర దిగిన చోట అతడు ఉండి తీరాలి. గుర్రం ఎంత దూరం పరుగెత్తితే సైసూ అంత దూరం పరుగెత్తినట్లే.

తెలుగువారికి ఈ వృత్తి పేరులో వేరొక జ్ఞాపకం ఉన్నది. కాకతీయుల కాలంలో ‘సాహిణి’ అంటే అశ్వ, గజ దళాలపై అధికారి. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ కర్త. గుర్రాన్ని, ఏనుగును ఎరిగినవాడు రాజసభలో గౌరవంతో కూర్చున్న కాలమది. కంపెనీ కలకత్తాలో ఆ జ్ఞానం నెలజీతపు కొలువులోకి దిగింది.

ఆ కొలువులోని మనిషిని చూసి చిత్రించిన కళాకారుడు కలకత్తాలోనే ఉన్నాడు. పేరు షేక్ మహమ్మద్ అమీర్, నివాసం నగర శివారులోని కరయా. 1830, 1840 దశకాలలో ఆంగ్లేయుల ఇళ్లను, బండ్లను, కుక్కలను, గుర్రాలను నీటిరంగులలో చిత్రించి జీవించాడు. థామస్ హోల్రాయిడ్ అనే కలకత్తా ఆంగ్లేయుని కోసం చేసిన చిత్రసంపుటి 1839లో లండన్ ఓరియంటల్ క్లబ్బుకు కానుకగా చేరింది. అంతకు అరవై ఏళ్ల ముందే కలకత్తాలో మేరీ ఇంపీ పక్షులను, మృగాలను చిత్రించడానికి పాట్నా నుండి షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్‌లను నియమించింది. మొగలాయి కుంచె, విలాయతీ కాగితం, దొరల అభిరుచి కలిసిన ఆ మార్గంలోనే అమీర్ నడిచాడు.

అమీర్ పటంలో దృశ్యం చాలా స్వల్పం. దిగువన సన్నని నేల గీత, పైన విశాలమైన లేత ఆకాశం, నడుమ గుర్రం, పగ్గం పట్టిన సైసు. యజమాని సాధారణంగా ఉండడు. డబ్బిచ్చినవాడు తన ఆస్తి బొమ్మనే కోరాడు. ఆ ఆస్తిలో గుర్రంతోపాటు సైసూ ఒకడు. చిత్రకారుడు కోరినదే ఇచ్చాడు. కానీ గుర్రం మెడ నునుపుకు పెట్టిన శ్రద్ధనే సైసు నడుముకట్టు మడతకు, అతని కళ్ల కింది అలసటకు పెట్టాడు. ఒక చిత్రంలో పొట్టి గుర్రంపై కూర్చున్న ఆంగ్లేయ బాలిక ముఖం టోపీ చాటున దాదాపు కనిపించదు. ఆమె చుట్టూ నిలిచిన ముగ్గురు సేవకుల ముఖాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. దీనిని నిరసనగా చదవడం అత్యుత్సాహమే అవుతుంది. అతడు బతుకుతెరువు కోసం గీసిన వృత్తి చిత్రకారుడు, దొరలకు నచ్చకపోతే మరుసటి పని దొరకదు. అయినా హౌవిట్‌కు సాధ్యం కానిది అతనికి సాధ్యమైంది. కరయా వీధుల్లో ఆ సైసులను అతడు నిత్యం చూశాడు. హౌవిట్‌కు ఆ అవకాశం లేదు.

స్టబ్స్ ‘హాంబుల్‌టోనియన్’ సేవకులను అమీర్ సైసుల పక్కన ఉంచి చూడడం ఉచితం. రెండు చోట్లా గుర్రం పేరో, యజమాని పేరో మిగిలింది. రెండు చోట్లా పగ్గం పట్టినవాడే చూపరి కంటిని ఆపుతాడు. స్టబ్స్ పేరు మాత్రం ప్రతి బ్రిటిష్ కళాచరిత్రలోనూ ఉంది. అమీర్ వంటి వారి పటాలు చిరకాలం ‘కంపెనీ శైలి’ అనే ఒక్క మాట కింద, చిత్రకారుని కన్నా కొన్నవాని పేరుతో గ్రంథాలయాల పెట్టెల్లో ఉండిపోయాయి. పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఛాయాచిత్రం రావడంతో గుర్రం బొమ్మకు చిత్రకారుణ్ణి పిలిచే అవసరమూ తగ్గింది. పందివేట బొమ్మలకు గిరాకీ మాత్రం వెంటనే పోలేదు. పెర్సీ కార్పెంటర్ దిగువ బెంగాలు పందివేటపై రాతిముద్రణల సంపుటిని 1861లో వెలువరించాడు. అందులోనూ దౌడు తీసేవారే ప్రధానం.

2019 డిసెంబరులో లండన్ వాలెస్ చిత్రశాలలో కంపెనీ కాలపు భారతీయ చిత్రకారుల ప్రదర్శన ఆరంభమైంది. జైనుద్దీన్, భవానీ దాస్, అమీర్, వెల్లూరుకు చెందిన ఎల్లప్ప మొదలైన వారి పేర్లు గోడ మీద పటాల పక్కన ఎక్కాయి. ఎల్లప్ప తాను చిత్రం గీస్తున్నట్లుగా తన బొమ్మను తానే వేసుకున్నాడు. అమీర్ అటువంటిది వేసుకున్నట్లు కనిపించదు. అతడు వేసిన సైసులు ఆ ప్రదర్శనలో గుర్రాల పక్కన, పగ్గం చేతబట్టి, రాని దొర కోసం నిలిచి ఉన్నారు.