ఆటలో వృత్తితత్వం, జట్టుకు స్థిరత్వం: రెండూ ఒకటేనా?

ఈ వారం సాధన ప్రశ్న ఇది: "క్రీడా జట్లు వృత్తితత్వం సాధిస్తే స్థిరత్వం దానంతట అదే వస్తుందా? చారిత్రక ఉదాహరణలతో చర్చించండి."

ఈ ప్రశ్న చూడగానే చాలామంది "అవును, వస్తుంది" అని మొదలుపెట్టి, ఐపీఎల్ గురించి రెండు పేరాలు రాసి ముగిస్తారు. కాస్త ఆగండి. నేను జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడి నుంచి జేఆర్‌డీ టాటా క్రీడా సముదాయం ఎంతో దూరం లేదు. మా బస్తీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్ఖానా పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడినవాళ్లు. వాళ్లకు ఫుట్‌బాల్‌లో రెండు ఊళ్లున్నాయి. ఒకటి ఉంటున్న ఊరు, రెండోది భాష కలిపిన హైదరాబాద్. ఈ రెండు ఊళ్ల కథ పక్కపక్కన పెడితే పై ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ముందు రెండు మాటలకు అర్థం

వృత్తితత్వం అంటే ఆటను పనిగా చేయడం: రాతపూర్వక ఒప్పందం, క్రమమైన శిక్షణ, అర్హత గల కోచ్, ఫిజియో, సమయానికి జీతం. స్థిరత్వం అంటే ఓడిన ఏడాది కూడా జట్టు ఉండటం. మొదటిది మైదానంలో కనిపిస్తుంది. రెండోది ఖాతా పుస్తకంలో, ఊరితో ఉన్న బంధంలో ఉంటుంది. జవాబు మొదట్లోనే ఈ తేడా చెప్పండి. నిర్వచనం లేని చర్చ ఎటు పోతుందో రాసేవాడికే తెలియదు.

ఇండోర్ ఆటల పాఠం

స్థిరత్వం లేని వృత్తితత్వానికి ప్రపంచంలో తేటతెల్లమైన ఉదాహరణ అమెరికాలోని ఇండోర్ ఫుట్‌బాల్. ఇది వాళ్ల తరహా ఫుట్‌బాల్, చేతులతో పట్టుకుని పరుగెత్తే ఆట. అరీనా ఫుట్‌బాల్ లీగ్ 1987లో 4 జట్లతో మొదలైంది. 2009 సీజన్ రద్దయింది. 2010లో తిరిగొచ్చి 2019లో మళ్లీ దివాలా తీసింది. 2024లో 16 జట్లతో పునఃప్రారంభిస్తే, మొదటి కొన్ని వారాల్లోనే పలు జట్లు తప్పుకున్నాయి. అలాగని అక్కడ ఆటగాళ్లకు నైపుణ్యం లేదా? కర్ట్ వార్నర్ ఆ లీగ్‌లో ఆడి పైకొచ్చినవాడే. 2000 జనవరిలో సూపర్ బౌల్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఆటగాడు నిలబడ్డాడు, అతన్ని తయారుచేసిన లీగ్ నిలబడలేదు.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. ఫుట్‌సాల్ అంటే జట్టుకు ఐదుగురితో గట్టి నేల మీద ఆడే ఇండోర్ ఫుట్‌బాల్. 2016లో ప్రీమియర్ ఫుట్‌సాల్ పేరుతో ఒక ప్రైవేటు లీగ్ వచ్చింది. లూయిస్ ఫిగో అధ్యక్షుడు. రొనాల్డిన్హో, ర్యాన్ గిగ్స్, పాల్ స్కోల్స్ వంటి దిగ్గజాలు ఆడారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు మాత్రం దానికి లేదు. 2017 రెండో సీజన్‌లో 'తెలుగు టైగర్స్' అనే జట్టు కూడా దిగింది. పేరులో తెలుగు ఉంది. మ్యాచ్‌లు ముంబై, బెంగళూరు, దుబాయ్‌లలో జరిగాయి. మూడో సీజన్ రానేలేదు. ఊళ్లో సొంత హాలు లేదు, కింద పిల్లల జట్టు లేదు, సమాఖ్యలో చోటు లేదు. అలాంటప్పుడు ఎంత పెద్ద ఆటగాడు వచ్చినా అది అతిథి రాకే. సమాఖ్య తన సొంత ఫుట్‌సాల్ క్లబ్ చాంపియన్‌షిప్‌ను 2021లో మొదలుపెట్టింది.

జీతం ఉన్న పోలీసు జట్టు

ఇప్పుడు వెనక్కి, హైదరాబాద్‌కు వెళదాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరండ్ కప్ కూడా తెచ్చుకుంది. వెనుక ఉన్నది ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

కాగితం మీద ఆ పోలీసు ఆటగాళ్లు అమెచ్యూర్లు. కానీ వాళ్లకు నెల జీతం ఉంది, సాధనకు సమయం ఉంది, గాయమైనా ఉద్యోగం ఉంది. ఆట మీద మనసు పెట్టడానికి కావలసిన భద్రతను శాఖ ఇచ్చింది. అంటే వృత్తి లీగ్ లేకుండానే వృత్తితత్వం సాధ్యమైంది. ఈ నమూనాకూ ఒక లోపం ఉంది. శాఖ ఉద్యోగం ఇవ్వగలదు కానీ శిక్షణ సంప్రదాయాన్ని దానంతట అది నిలపలేదు. రహీం 1963లో కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినా, ఆ తర్వాత పాత వైభవం తిరిగి రాలేదు. మనిషి మీద ఆధారపడిన వ్యవస్థ ఆ మనిషితోపాటే సన్నగిల్లుతుంది.

ఒకే సీజన్, రెండు క్లబ్బులు

వ్యాసానికి గుండెకాయ లాంటి ఉదాహరణ ఇది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి షీల్డ్ గెలిచింది జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ. రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్ ఎత్తింది. ఆ రోజు మా బస్తీలాంటి చోట ఉన్న తెలుగువాడికి రెండు చేతుల్లోనూ లడ్డూలే.

ఇప్పుడు ఆ తర్వాతి సంవత్సరాలు చూడండి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022-23లోనూ రెండో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదికి జీతాల బకాయిలు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో జట్టు చివరి స్థానంలో ముగించింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. కప్పు గెలిచిన నాలుగో ఏడాదికి హైదరాబాద్‌లో ఆ జట్టే లేదు.

జంషెడ్‌పూర్ కూడా షీల్డ్ గెలిచిన మరుసటి సీజన్లలో పట్టికలో కిందికి జారింది. అయినా క్లబ్ కదల్లేదు. 2025లో సూపర్ కప్ ఫైనల్ దాకా తిరిగొచ్చింది. ఎందుకు? టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఇక్కడ 1987లో మొదలైంది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, దీపక్ మండల్, సుబ్రతా పాల్ అందులోంచి వచ్చినవాళ్లే. జాతీయ అగ్రశ్రేణి లీగ్‌లో ఈ ఊరి క్లబ్ దిగింది మాత్రం 2017లో. ముప్పై ఏళ్లు ముందు పునాది, తర్వాత గోపురం. హైదరాబాద్‌లో పాత వారసత్వం ఉన్నా, కొత్త క్లబ్ దానిమీద కాక పక్కన లేచింది.

ఎదురు వాదన మరవద్దు

"అయితే పెద్ద కంపెనీ ఉంటే చాలన్నమాట" అని పరీక్షకుడు అడగవచ్చు. చాలదు. 1996-97లో మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్ జట్టు. 2011లో దాన్ని మూసేశారు. 2005-06 విజేత మహీంద్రా యునైటెడ్ 2010లో రద్దయింది. కంపెనీకి ఆట ప్రచార ఖర్చు మాత్రమే అయితే, ఒక బడ్జెట్ సమావేశంలో అది ఆగిపోగలదు. మైదానం, అకాడమీ, ఊరి జనం కలిసి ఉన్నచోట మూయడం అంత తేలిక కాదు.

రెండో ఎదురు వాదన: క్లబ్ గట్టిగా ఉన్నా లీగ్ గట్టిగా లేకపోతే? 2025 జులైలో సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ సీజన్ నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. జంషెడ్‌పూర్ కూడా ఎదురుచూడాల్సి వచ్చింది. చెట్టు ఎంత బలమైనదైనా గట్టు కోసుకుపోతే నిలవదు.

జవాబు ముగింపులో రాయాల్సినవి

విధాన కోణం తప్పక చేర్చండి. క్రీడలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 33వ అంశం. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. ఆసియా సమాఖ్య క్లబ్ లైసెన్సింగ్ ఐదు ప్రమాణాలు అడుగుతుంది: క్రీడ, మౌలిక వసతులు, సిబ్బంది, చట్టబద్ధత, ఆర్థికం. వీటిలో ఆర్థిక ప్రమాణాన్ని గట్టిగా అమలు చేయడం, ఆటగాళ్ల జీతాలకు ముందుగానే బ్యాంకు హామీ తీసుకోవడం, ఊరు మార్చే ముందు స్థానిక అకాడమీ పిల్లల సంగతి తేల్చడం: ఈ మూడూ సూచనలుగా రాయవచ్చు.

చివరగా ఒక మాట. మనలో చాలామంది సర్కారీ కొలువు కోసం చదువుతున్నది స్థిరత్వం కోసమే. దాన్ని దాచుకోనక్కర్లేదు. పోలీసు జట్టు ఆటగాడికి నెల జీతం ఏమిచ్చిందో గుర్తుంచుకోండి: విశ్రాంతి కాదు, మనసు పెట్టి ఆడే వీలు. రేపు మీరు జిల్లా అధికారిగా ఒక మైదానం ఫైలు మీద సంతకం పెట్టే రోజు వస్తే, ఎంత పెద్ద ప్రారంభోత్సవం అని అడగకండి. పదో ఏడాది దీని కరెంటు బిల్లు ఎవరు కడతారు అని అడగండి.

సాధన: ఇదే ప్రశ్నకు 250 పదాల్లో జవాబు రాయండి. హైదరాబాద్, జంషెడ్‌పూర్ పోలిక రెండో పేరాలోనే రావాలి.