పార్సన్స్ వీధి గిటార్లు

ఆ గిటారును మంట కాడికి తేకు బిడ్డా. అగో, ఆ అరుగు మీద డబ్బల పెట్టి మూత ఎయ్యి. ఇగ వచ్చి కూసో. తమ్మున్ని గూడ పిలువు, రెండు మొద్దులు తెచ్చి ఏస్తడు.

ఎందుకు వద్దంటున్ననో చెప్త. బతుకంత కాగితం మిల్లులల్ల పనిచేసినోన్ని నేను. కాగితమైనా కట్టెయినా లోపల ఉండేది ఒక్కటే పీచు. తేమ తగిలితె ఉబ్బుతది, ఎండితె గుంజుకపోతది. గిటార్లు చేసేటోళ్లు గాలిల తేమ 45 నుంచి 50 శాతం ఉండాలంటరు. ఈ మిషిగన్ చలికాలంల హీటర్ ఏసిన ఇంట్ల అంత తేమ ఏడుంటది? ఇంక మంట పక్కన పెడితె కట్టె నెర్రెలు వారుతది. పాత గిటార్ల మీద పూసిన మెరుగు గూడ నైట్రోసెల్యులోజే, అంటె ఆ పీచుతోని చేసిందే. ఏండ్లు గడిచినంక చలికి, వేడికి అది సన్నటి గీతలు గీతలుగ పగులుతది. ఆ గీతలు చూసే జనం ఇది అసలు పాతదని మురుస్తరు.

నీది కొత్తదే గని రూపం పాతది. అటొకటి ఇటొకటి ఎఫ్ అక్షరం లెక్క రంధ్రాలు, ఉబ్బెత్తు పలక, లోపలంత బోలు. దుకాణంల చేతికి తీసుకోంగనే "ఇంత తేలికున్నదేంది తాతా" అన్నవు. ఆ బోలు ముచ్చటే నీకు చెప్పాలనుకుంటున్న. దాన్ని పూడ్వాలని చానమంది చూసిన్రు. పెద్ద పెద్దోళ్లే పూడ్చిన్రు. అయినా అది పోలే. అది పోకుంట నిలబడ్డ జాగ నేనున్న ఊర్లనే ఉన్నది.

కాగజ్‌నగర్ మిల్లుల కొన్నేండ్లు కొలువు చేసి, పైచదువుకని కలమజూ వచ్చిన. అక్కడ వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీల కాగితం చేసుడు మీదనే ఇంజనీరింగు చెప్పేటోళ్లు. నది పొంటి మిల్లులే మిల్లులు, ఊరికి కాగితాల ఊరనే పేరు. అప్‌జాన్ మందుల కంపెనీ అక్కడిదే. చెకర్ టాక్సీలు అక్కడియే. ఇగ పార్సన్స్ వీధిల 225 నంబరు కాడ ఇటుకల బిల్డింగు, దాని ఎత్తు పొగగొట్టం. 1917ల కట్టిన గిబ్సన్ కార్ఖాన అది. నేను కిరాయికున్న ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండె. సగం జిందగి ఆ కార్ఖానల పలకలు చెక్కినోడు. నాకు పాట రాదు, వాయించుడు రాదు. కని కట్టె సంగతి తెలుసు. అందుకే ఆయనకు నాకు మాట కలిసింది. పొద్దుమీకినంక వాకిట్ల కూసుంటె చీకటి పడేదాక చెప్పేటోడు.

ఆర్విల్ గిబ్సన్ అని ఒకాయన న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఆ ఊరికి వచ్చిండట. చెప్పుల దుకాణంల గుమస్తగ చేసుకుంట, తీరిక దొరికినప్పుడు కట్టె చెక్కేటోడు. గిటారు పై పలకంటె అప్పటిదాక చదును పలక. ఈయన వయొలిన్ చేసినట్టు మందపు కట్టెను చెక్కి చెక్కి ఉబ్బెత్తుగ తీసిండు. 1898ల ఆయన మాండలిన్‌కు పేటెంట్ వచ్చింది. 1902ల ఆ ఊరి వ్యాపారులు ఆయన పేరు మీదనే కంపెనీ పెట్టిన్రు. 1922ల, లాయిడ్ లోర్ అనేటాయన ఆడ పనిచేస్తున్నప్పుడు, ఎల్-5 వచ్చింది. నడుమనున్న గుండ్రటి రంధ్రం పోయి ఎఫ్ రంధ్రాలు వచ్చినయి. ఇయ్యాల నువ్వు పట్టుకున్న రూపం అప్పటిదే.

మా పక్కింటి పెద్దాయన పని ఎట్లుంటదో చేతులతోని చూపెట్టి చెప్పేటోడు. స్ప్రూస్ కట్టె పై పలకకు, మేపుల్ కట్టె వెనుక పలకకు. ఒకటే మొద్దు నుంచి కోసిన రెండు ముక్కలను నడుమ అతికిస్తరు. బయట చెక్కుడు అయినంక లోపల దిక్కు గీకుడు మొదలు. వేలి కణుపుతోని టకటక కొట్టి చెవి పెట్టి ఇనాలె. ఏడ సప్పుడు మొద్దుగ వస్తదో ఆడ ఇంత గీకాలె. ఎక్కువ గీకినవో, ఇగ ఆ పలక పని అయిపోయినట్టే. కొలత పెట్టుకునేది మొదటి రోజులల్లనే, తర్వాత చెవే కొలత అనేటోడు. మన పాలమూరు దిక్కు కిన్నెరకు ఎండిన సొరకాయ బుర్రలు కడ్తరు చూడు, ఆ బుర్రల గాలి కదిలితెనే తీగె మాట నలుగురికి ఇనపడ్తది. ఈ బోలు గూడ గట్లనే పనిచేస్తది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండంగ మొగోళ్లు ఫౌజుకు పోతె, ఆ కార్ఖానల గిటార్లు చేసింది ఆడోళ్లు. ఇనుము దొరకక కొన్నిటికి మెడ లోపల పెట్టే కడ్డీ గూడ పెట్టలే. అయినా ఆ గిటార్లు ఇయ్యాల్టికి మోగుతున్నయి. ఆ ఆడోళ్ల పేర్లు చాన ఏండ్లు ఏ పుస్తకంల రాలే. చాన ఏండ్లకు జాన్ థామస్ అనేటాయన వాళ్లను ఎతుక్కుంట పోయి, వాళ్ల ముచ్చట్లన్ని ఇని పుస్తకం రాసిండు. ఎంత మంచి పని చేసిండో. నువ్వు తప్పక చదువు.

ఇగ కరెంటు ముచ్చట. అప్పట్ల అమెరికాల పెద్ద పెద్ద బ్యాండ్లు ఉండె. బూరలు, డోళ్లు ఒక్కపారి లేస్తె గిటారు ఏడ ఇనపడ్తది? తాళం పట్టుకుంట కూసునుడే దాని పని. 1936ల గిబ్సనోళ్లు ఇఎస్-150 తెచ్చిన్రు. గిటారు, సప్పుడు పెంచే ఆంప్, కేబుల్ అన్ని కలిపి 150 డాలర్లు. తీగెల కింద అయస్కాంతం, దాని చుట్టు వేలవేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగె. పైన ఉక్కు తీగె కదిలితె కింద కరెంటు పుడ్తది. దాన్నే పికప్ అంటున్నరు. ఆ మొదటి పికప్‌ల అయస్కాంతాలు ఎంత పెద్దయంటె, వాటిని పలక కింద దాచి పెట్టాల్సొచ్చింది.

గిటారుంటె చాలదు గద, వాయించేటోడు గావాలె. ఓక్లహోమా సిటీల చార్లీ క్రిస్టియన్ అని నల్లజాతి పిల్లగాడు. తండ్రికి కండ్లు కనపడవు, ఆయన గూడ గిటారు వాయించేటోడే. గరీబు ఇల్లు. 1939 ఆగస్టుల జాన్ హామండ్ అనే పెద్దమనిషి ఆ పిల్లగాన్ని లాస్ ఏంజెలెస్‌ల బెన్నీ గుడ్‌మన్ కాడికి తీసుకపోయిండు. గుడ్‌మన్ అంటె అప్పట్ల క్లారినెట్ మహారాజు. మొదలు ఆయనకు ఈ పిల్లగాని మీద మనసు పోలే. స్టేజీ ఎక్కినంక, వీనికి రాదులే అనుకుని "రోజ్ రూమ్" అనే పాట అందుకున్నడట. చార్లీకి అది బాగనే తెలుసు. ఒక్కొక్క వరుస కొత్తగ తీసుకుంట పోయిండు. ఆ ఒక్క పాట నలభై నిమిషాలకు మీదనే నడిచిందంటరు. ఆ రోజే కొలువు దొరికింది. తాళం పట్టుకుని మూలకు కూసున్న గిటారు, బూరలతోని సమానంగ ముంగటికి వచ్చి మాట్లాడింది అప్పుడే. 1942 మార్చిల క్షయ రోగంతోని పోయిండు. 25 ఏండ్లు, బిడ్డా. నీకన్న ఒక్కటి రెండేండ్లు పెద్దోడు. నాకు ఆ పిల్లగాన్ని తలుసుకుంటె ఇప్పటికీ గుండె కలుక్కుమంటది.

కని ఆయన రికార్డులు ఊకోలే. ఇండియానాపొలిస్‌ల వెస్ మాంట్‌గోమరీ అనేటాయన ఆ రికార్డులు ఇని, ఇరవయ్యేండ్ల వయసుల గిటారు పట్టిండు. పొద్దంత కార్ఖానల పని, రాత్రి క్లబ్బులల్ల వాయించుడు. ఇంట్ల నేర్చుకునేటప్పుడు ఇరుగుపొరుగుకు సప్పుడు కావొద్దని తీగె మీటే పిక్ ఇడిసిపెట్టి బొటనవేలుతోని వాయించిండు. ఆ మెత్తదనమే ఆయన గుర్తయింది. ఎల్-5 గిటారు, ఒక్క బొటనవేలు. రేపు పొద్దుగాల నీకు ఇనిపిస్త, కండ్లు మూసుకుని ఇను. ఆ సప్పుడు గట్టి కట్టెల నుంచి రాదు.

మరి ఇంత మంచిదైతె ఎందుకు పూడ్వాలనుకున్నరంటవా? ఆంప్ ముంగట నిలబడి సప్పుడు పెంచి చూడు, నీకే తెలుస్తది. ఆంప్ నుంచి వచ్చే సప్పుడు గిటారు పలకను కదిలిస్తది, పలక తీగెను కదిలిస్తది, తీగె సప్పుడు మల్ల ఆంప్‌కు పోతది. తిరిగి తిరిగి ఊ అని ఒకటే మోత. ఫీడ్‌బ్యాక్ అంటరు. లెస్ పాల్ అనేటాయన ఆ మోత పడలేక, న్యూయార్క్‌ల ఎపిఫోన్ కార్ఖానల కూసుని ఒక పైన్ మొద్దుకు తీగెలు, పికప్‌లు పెట్టిండు. చూసేటోళ్లకు గిటారు లెక్క కనపడాలని అటు ఇటు బోలు గిటారు చెక్కలు అతికిచ్చిండు. 1949ల గిబ్సనోళ్లు ఇఎస్-175 తెచ్చిన్రు, దానికి చెక్కిన పలక గాదు, మేపుల్ పొరలు అతికించి అచ్చుల ఒత్తిన పలక. మోత జర తగ్గింది, ధర గూడ తగ్గింది. నీ గిటారు పలక గూడ ఇదే పద్ధతి. పొరల పలకని చిన్నగ చూడకు. జో పాస్, జిమ్ హాల్ అసొంటోళ్లు ఇఎస్-175 మీదనే వాయించిన్రు. 1958ల టెడ్ మెకార్టీ గిబ్సన్ కంపెనీకి పెద్దగున్నప్పుడు ఇఎస్-335 వచ్చింది. బయటికి బోలు గిటారే, నడుమ మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాక మేపుల్ దిమ్మ. మంచి గిటారే, కాదన. బ్లూస్ పాటగాడు బి.బి. కింగ్ గూడ ఆ జాతి గిటార్లే వాయించిండు, ముందుగాల ఎఫ్ రంధ్రాలల్ల గుడ్డలు కుక్కేటోడు, 1980ల ఆయన పేరు మీద వచ్చిన దానికి రంధ్రాలే లేవు.

ఆ బి.బి. కింగ్ ముచ్చట మంట కాడ చెప్పాల్సిందే. 1949 చలికాలం, ఆర్కన్సాల ట్విస్ట్ అనే చిన్న ఊరు. డాన్సు నడుస్తున్నది. చలికి నడుమ ఒక పీపల కిరోసిన్ పోసి అంటుపెట్టిన్రు. ఇద్దరు కొట్టుకుని పీప మీద పడ్డరు. ఇల్లంత మంట. అందరు బయటికి ఉరికిన్రు, ఈయన గూడ ఉరికిండు. బయటికొచ్చినంక గిటారు లోపలనే ఉన్నదని యాదికొచ్చి మల్ల మంటలకే పోయి పట్టుకొచ్చిండు. మామూలు బోలు గిటారు, చిన్నది. వాళ్లిద్దరు కొట్టుకున్నది లూసిల్ అనే ఆమె కోసమని తెల్లారి తెలిసింది. మంటలకు ఉరుకుడు, ఆడిదాని కోసం కొట్టుకునుడు, ఈ రెండు పనులు మల్ల చెయ్యొద్దని యాదికుండాలని గిటారుకు లూసిల్ అని పేరు పెట్టుకున్నడు. తర్వాత ఆయన పట్టిన గిటార్లన్నిటికి అదే పేరు.

అందరు వద్దన్న ఆ మోత గావాలని ఎతికినోడు గూడ ఉన్నడు. పాల్ మెకార్ట్‌నీ, బీటిల్స్ ఆయన. 1964ల లండన్ల దుకాణంకు పోయి ఫీడ్‌బ్యాక్ వచ్చే గిటారు ఇయ్యుమన్నడు. దుకాణపాయన ఎపిఫోన్ కసీనో చేతిల పెట్టిండు, లోపల దిమ్మ లేదు, ఉత్త బోలు. 1957ల ఎపిఫోన్‌ను గిబ్సనోళ్లు కొన్నరు గద, ఆ కసీనోలు తయారైంది పార్సన్స్ వీధిలనే. తర్వాత అదే బ్యాండుల ఉన్న లెన్నన్, హారిసన్ గూడ అదే కొనుక్కున్నరు. 1969 జనవరి 30న లండన్ల మిద్దె మీద బీటిల్స్ వాయించినప్పుడు లెన్నన్ మెడల ఉన్నది ఆ కసీనోనే, పైన రంగు గీకిచ్చి ఉత్త కట్టె చేసుకున్నది. మా పక్కింటి పెద్దాయన ఆ మిద్దె మీద వాయించిన సినిమా టీవీల వస్తె కుర్చి దగ్గరికి జరుపుకొని చూసేటోడు. ఆ పలక తాను ముట్టిందేమో అని ఎన్నడు అనలే. చేతులు ఒళ్లె పెట్టుకుని ఊకె చూసేటోడు.

1969లనే గిబ్సన్ కంపెనీ చేతులు మారింది. కొన్నేండ్లకు నాష్‌విల్‌ల కొత్త కార్ఖాన పెట్టిన్రు. పని ఒక్కొక్కటి అటు పోయింది. 1984ల కలమజూ కార్ఖాన మూసేసిన్రు. ఆ రోజులల్ల ఊరు ఎట్లుండెనో నేను చూసిన. రెండేండ్ల ముందుగాలనే చెకర్ టాక్సీలు బందయినయి. పెద్దాయన గేటు దాక పోయి చూసొచ్చిండు, నాతోని ఏం మాట్లాడలే. నాష్‌విల్ రమ్మన్నరు కొందర్ని. పిల్లల బడులు, ముసలి తల్లిదండ్రులు, కట్టుకున్న ఇండ్లు ఇడిసి ఎట్ల పోతరు?

జిమ్ డర్లూ, మార్వ్ లాంబ్, జె.పి. మోట్స్ అనేటోళ్లు పోలే. కార్ఖానల ఏండ్లకేండ్లు పనిచేసినోళ్లే అందరు. ఆ బిల్డింగే తీసుకుని, ఇడిసిపోయిన మిషన్లు కొన్ని కొనుక్కుని, 1985ల హెరిటేజ్ అని పేరు పెట్టి మల్ల గిటార్లు మొదలుపెట్టిన్రు. వాళ్లు చేసిన హెచ్-575 చూడు, ఇఎస్-175 రూపమే గని పలక ఒత్తింది గాదు, ముద్ద మేపుల్‌ను చెక్కింది. పని దొరకాలని పెట్టుకున్న కంపెనీల, ఖర్చు ఎక్కువయ్యే తొవ్వ పట్టిన్రు. అది నాకు ఎప్పటికీ గొప్పగ అనిపిస్తది. అదే వీధి, అదే బిల్డింగు.

నిన్ను అటు తీసుకపోత, ఎండకాలం రానియ్యి. ఈలోపల ఒక్క మాట యాదుంచుకో. నీ గిటారుకు తీగెలు మార్చేటప్పుడు అన్ని ఒక్కపారి ఇప్పకు. ఆ కట్టె బ్రిడ్జి అతికించింది గాదు, తీగెల బిగువుకే నిలబడ్డది. అన్ని ఇప్పితె అది జారుతది, మల్ల సరైన జాగల పెట్టుడు నీతోని గాదు. ఒక తీగె ఇప్పు, కొత్తది ఎక్కియ్యి, తర్వాత రెండోది. మూడో తీగెకు చుట్టు ఉన్నది తీసుకో, మొదటి తీగె 12 గేజు దానికన్న సన్నది వద్దు. లావు తీగెలైతె వేళ్లు నొస్తయి మొదట్ల, కని పలక కదులుతది. సన్న తీగెలకు ఆ పలక లేవనే లేవదు.